నాలుకపై కరిగే మందు రేకు: ఒండాన్సెట్రాన్ ఓరల్ ఫిల్మ్ తయారీకి ప్రయోగశాల మార్గదర్శి

మా పెద్దమ్మకు కీమోథెరపీ జరుగుతున్న రోజుల్లో వాంతులు ఆపే మాత్ర వేయించడమే ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన పనిగా ఉండేది. మాత్ర మింగాలంటే గుక్కెడు నీళ్లు తాగాలి. ఆ గుక్కెడు నీళ్లకే కడుపులో తిప్పి, మాత్ర నీళ్లతో సహా బయటికి వచ్చేది. మందు ఎంత లోపలికి పోయిందో, మళ్లీ వేయాలో వద్దో ఎవరికీ తెలిసేది కాదు. నీళ్లు అక్కర్లేకుండా నాలుక మీద పెట్టగానే కరిగిపోయే మందు రేకు విలువ నాకు పుస్తకంలో కన్నా ఆ మంచం పక్కనే బాగా అర్థమైంది.

అందుకే ఈ మార్గదర్శికి వాంతుల మందు ఒండాన్సెట్రాన్‌నే ఉదాహరణగా తీసుకున్నాను. ఈ మందు ఫిల్మ్‌ను 4, 8 మి.గ్రా. మోతాదుల్లో, జుప్లెంజ్ పేరుతో అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే ఆమోదించింది. కాబట్టి మనం నడవబోయేది ఇదివరకే తేలిన దారి. ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేసేవారినీ, ఫార్ములేషన్ విభాగంలో కొత్తగా చేరినవారినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఖరీదైన పూత యంత్రం అక్కర్లేదు. పెట్రి పళ్లాలు, వేడిగాలి ఓవెన్, మంచి తూకం, యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే చాలు. ఒక్క షరతు. ఇక్కడ తయారయ్యేది పరీక్షల కోసం చేసే నమూనా. దాన్ని ఎవరి నాలుక మీదా, మీ నాలుక మీద కూడా పెట్టకూడదు.

మొదలుపెట్టే ముందు ఆత్రేయపురం పూతరేకును ఒకసారి తలచుకోండి. పల్చటి బియ్యపు జావలో తడిపిన గుడ్డను వేడెక్కిన బోర్లించిన కుండ మీద లాగితే, క్షణంలో నీరు ఆవిరై పొర మిగులుతుంది. శాస్త్ర భాషలో చెప్పాలంటే స్టార్చ్ అనే పాలిమర్‌తో (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థంతో) పోసిన ఫిల్మ్ అది. ఆరిన రేకు పెళుసుగా ఉంటుంది, మడిస్తే విరుగుతుంది. కాస్త తడి అద్దితే మెత్తబడి మడతకు వస్తుంది. ఆ తడి ఎక్కువైతే రేకు ముద్దవుతుంది. మన మందు రేకు కథ కూడా అంతే. పాలిమర్ ఎంపిక మీద నెలలు గడిపి, నీటి లెక్కను గాలికొదిలేసిన ప్రాజెక్టులు చాలా చూశాను. ఫిల్మ్ బాగుపడినా పాడైనా తొంభై పాళ్లు నీటి దగ్గరే.

మొదటి అడుగు: ఈ మందు రేకుకు పనికొస్తుందా?

ఒక ఫిల్మ్ సాధారణంగా 2 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు, 50 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. బరువు పదుల మిల్లీగ్రాముల్లోనే. అందులో 500 మి.గ్రా. పారాసిటమాల్ పట్టదు. మోతాదు చిన్నదై, నీటిలో కరిగే గుణం ఉండి, చేదు అదుపు చేయగలిగినంతే ఉండాలి. ఒండాన్సెట్రాన్ మొదటి రెండింటిలో నెగ్గుతుంది, మూడోదానిలో మనల్ని ఇబ్బంది పెడుతుంది.

ఇక్కడే ఒక అపోహ తొలగించుకోవాలి. నాలుక మీద కరిగిన మందంతా నోటి పొర గుండా నేరుగా రక్తంలోకి వెళ్లి, కాలేయాన్ని తప్పించుకుంటుందని చాలా థీసిస్‌లలో రాస్తారు. నాలుకపై వేగంగా కరిగే ఫిల్మ్‌లోని మందు చాలావరకు లాలాజలంతో కలిసి కడుపులోకే జారుతుంది, అక్కడినుంచి మామూలు మాత్రలాగే పేగుల్లో శోషణమవుతుంది. నాలుక కింద పెట్టే బ్యుప్రెనార్ఫిన్ (ఓపియాయిడ్ తరగతి మందు) ఫిల్మ్ సంగతి వేరు. అది అక్కడే శోషించేందుకు రూపొందించినది. మన ఫిల్మ్ లక్ష్యం మింగే కష్టాన్ని తీర్చడం. అది చిన్న లక్ష్యమేమీ కాదు, దానికి లేని గొప్పలు తగిలించనక్కర్లేదు.

రెండో అడుగు: దినుసులు

పాలిమర్‌గా హెచ్‌పీఎంసీ (హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్) ఈ5 రకంతో మొదలుపెట్టండి. ఇందులో 5 అన్న అంకె, 2 శాతం ద్రావణం చిక్కదనాన్ని చెబుతుంది. ఈ15 వాడితే ఫిల్మ్ గట్టిగా వస్తుంది గానీ కరగడం నెమ్మదిస్తుంది. పుల్లులాన్ అనే మరో పాలిమర్ చాలా పారదర్శకమైన, అందమైన ఫిల్మ్ ఇస్తుంది, ధర ఎక్కువ. మొదటి ప్రయత్నానికి ఈ5 చాలు.

ప్లాస్టిసైజర్‌గా గ్లిజరాల్ వాడదాం, పాలిమర్ బరువులో 15 నుంచి 20 శాతం. పూతరేకుకు తడి చేసే పనే ఇది చేస్తుంది: పాలిమర్ గొలుసుల మధ్య దూరి, అవి ఒకదానిపై ఒకటి జారేలా చేస్తుంది. అయితే గ్లిజరాల్ తాను మాత్రమే ఉండదు, గాలిలోని తేమనూ పిలుచుకొస్తుంది. అందుకే తీరప్రాంతంలో వానాకాలం చేసే బ్యాచ్‌కు 20 శాతం ఎక్కువే అనిపిస్తుంది.

సిట్రిక్ యాసిడ్ రెండు పనులు చేస్తుంది. లాలాజలాన్ని ఊరిస్తుంది, పీహెచ్‌ను కాస్త ఆమ్లం వైపు ఉంచి ఒండాన్సెట్రాన్ లవణాన్ని కరిగిన స్థితిలో నిలుపుతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ ఈ మందు కరిగే గుణం పడిపోతుంది. అలాగని ఆమ్లం మరీ పెంచితే, కీమో వల్ల ఇప్పటికే పుండ్లు పడిన నోరు మండుతుంది. తీపికి సుక్రలోజ్, వాసనకు పుదీనా. అస్పర్టేమ్ వాడితే ఫినైల్‌కీటోనూరియా ఉన్నవారికి హెచ్చరిక రాయాల్సి వస్తుంది, అందుకే నేను వాడను.

మూడో అడుగు: లెక్క

ఇది తొందరపడకుండా చేయాల్సిన భాగం. 9 సెం.మీ. వ్యాసం ఉన్న పెట్రి పళ్లెం వైశాల్యం 63.6 చదరపు సెం.మీ. మన ఫిల్మ్ 4 చదరపు సెం.మీ. అంటే పళ్లెం మొత్తం 15.9 ఫిల్మ్‌లకు సమానం. మనకు కావలసింది 4 మి.గ్రా. ఒండాన్సెట్రాన్. కానీ సీసాలో ఉన్నది హైడ్రోక్లోరైడ్ డైహైడ్రేట్ లవణం. అణుభారాల నిష్పత్తి (365.9ని 293.4తో భాగిస్తే 1.247) ప్రకారం 4 మి.గ్రా. బేస్‌కు (లవణంగా మారని అసలు మందుకు) 4.99 మి.గ్రా. లవణం కావాలి. 4.99ని 15.9తో గుణిస్తే పళ్లేనికి 79.3 మి.గ్రా.

సరఫరాదారు ఇచ్చే విశ్లేషణ పత్రంలో శుద్ధత నీరు తీసేసిన ప్రాతిపదికన రాసి ఉందో, ఉన్నదున్నట్టుగా రాసి ఉందో చూసుకోండి. డైహైడ్రేట్‌లో దాదాపు 10 శాతం నీరే. దాన్ని పట్టించుకోకపోయినా, రెండుసార్లు సవరించినా మోతాదు పది శాతం తప్పుతుంది. తరువాత ఫిల్మ్‌ను కంటితో ఎంత చూసినా ఆ తప్పు కనపడదు.

పది పళ్లాల బ్యాచ్‌కు నా ప్రారంభ సూత్రం ఇది:

ఒండాన్సెట్రాన్ హైడ్రోక్లోరైడ్ డైహైడ్రేట్: 793 మి.గ్రా.
హెచ్‌పీఎంసీ ఈ5: 4.3 గ్రా.
గ్లిజరాల్: 800 మి.గ్రా.
సిట్రిక్ యాసిడ్: 200 మి.గ్రా.
సుక్రలోజ్: 150 మి.గ్రా.
పుదీనా ఫ్లేవర్: 60 మి.గ్రా.
శుద్ధజలం: 80 గ్రా.

ఘనపదార్థాలు, గ్లిజరాల్ కలిపి 6.3 గ్రాములు. అంటే ఆరిన తరువాత ఒక్కో ఫిల్మ్ 40 మి.గ్రా. బరువుతో, 80 మైక్రాన్ల అటూఇటూ మందంతో రావాలి. ఈ అంచనాను ముందే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఫిల్మ్ 48 మి.గ్రా. తూగితే ఏదో తప్పిందని అప్పుడే తెలుస్తుంది.

నాలుగో అడుగు: ద్రావణం

హెచ్‌పీఎంసీని చల్లటి నీళ్లలో గుమ్మరిస్తే, రవ్వను ఒక్కసారిగా వేసిన ఉప్మాలా ఉండలు కడుతుంది. పైపొర తడిసి జిగురై, లోపలి పొడికి నీరు అందకుండా మూసేస్తుంది. ఈ పాలిమర్ వేడి నీళ్లలో కరగదు, చల్లబడితేనే కరుగుతుంది. ఆ గుణాన్నే వాడుకోవాలి. 40 గ్రాముల నీటిలో మూడో వంతును 80 నుంచి 90 డిగ్రీలకు వేడిచేసి, స్టిర్రర్ తిరుగుతుండగా పొడిని కొంచెం కొంచెంగా చల్లండి. పాలలా తెల్లగా, గింజలు తేలుతున్నట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి, అలాగే ఉండాలి. ప్రతి గింజా విడివిడిగా తడిశాక మిగిలిన నీటిని చల్లగా పోసి, గిన్నెను ఐసు నీళ్లలో ఉంచి కలపండి. కాసేపట్లో తెల్లదనం పోయి ద్రావణం తేటపడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఈ ఘట్టం దగ్గర ఆగి చూడాలనిపిస్తుంది.

మరో గిన్నెలో మిగిలిన 40 గ్రాముల నీటిని గోరువెచ్చగా చేసి ముందు సిట్రిక్ యాసిడ్, తరువాత మందు, సుక్రలోజ్ కరిగించండి. దీపానికి ఎదురుగా పట్టి చూస్తే ఒక్క నలుసు కూడా ఉండకూడదు. చల్లారాక దీన్ని పాలిమర్ ద్రావణంలో పోసి, గ్లిజరాల్, ఫ్లేవర్ కలపండి. వేగంగా తిప్పొద్దు, నురగ వస్తుంది.

వేడి చేసినప్పుడు, కలిపినప్పుడు కొంత నీరు ఆవిరైపోతుంది. ఖాళీ గిన్నె బరువును ముందే రాసుకుని ఉంటే, ఇప్పుడు మొత్తం ద్రావణాన్ని తూచి 86.3 గ్రాములకు నీటితో సరిచేయొచ్చు. ఈ చిన్న పని మానేస్తే ఈ రోజు బ్యాచ్‌కూ రేపటి బ్యాచ్‌కూ మందు సాంద్రత మారిపోతుంది. తరువాత మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. బుడగలన్నీ పైకి వచ్చి పోతాయి. ఆగే సమయం లేకపోతే వాక్యూమ్ డెసికేటర్‌లో పెట్టొచ్చు, కానీ నెమ్మదిగా.

ఐదో అడుగు: పోయడం, ఆరబెట్టడం

ద్రావణాన్ని కొలజాడీతో పోయకండి. జిగురు ద్రవం గోడలకు అంటుకుని ప్రతిసారీ వేరే పరిమాణం పడుతుంది. పళ్లేన్ని తూకం మీదే పెట్టి, ఒక్కోదానిలో 8.63 గ్రాములు పోయండి. గిన్నెకు అంటుకున్నది పోగా పదో పళ్లేనికి సరిపోదు, తొమ్మిదితోనే ఆపండి. పదోదాన్ని ఎలాగో నింపాలన్న ఆశతో గిన్నెను నీటితో కడిగి పోసిన విద్యార్థులున్నారు. ఆ పళ్లెంలో మోతాదు ఎంతో దేవుడికే తెలియాలి.

గాజు పళ్లెం కన్నా పాలీప్రొపిలీన్ లేదా టెఫ్లాన్ అడుగున్న పళ్లెం మేలు, ఊడదీయడం సులువు. ఓవెన్ అర పైన రసమట్టం పెట్టి చూడండి. కంటికి సమంగా కనిపించే అర కూడా చాలాసార్లు ఒక వైపు వాలి ఉంటుంది. ద్రవం లోతు మిల్లీమీటరు పైన కొద్దిగానే కాబట్టి, ఆ కాస్త వాలుకే ఒక అంచున ఫిల్మ్ రెండింతల మందమవుతుంది.

ఉష్ణోగ్రత 40 నుంచి 45 డిగ్రీలు. త్వరగా అయిపోవాలని 70 డిగ్రీలు పెడితే ముందు పైపొర గట్టిపడి తోలు కడుతుంది, కింది నీరు బయటికి రాలేక బుడగలై పొంగుతుంది. ఎంతసేపు ఆరబెట్టాలన్నది ఓవెన్‌లో గాలి ఆడేదాన్ని బట్టి మారుతుంది, అందుకే గడియారం కన్నా తూకాన్ని నమ్మండి. పళ్లేన్ని గంటకోసారి తూచి గ్రాఫ్ గీయండి. మొదట గీత నిటారుగా దిగి, తరువాత వంగి, చివరికి దాదాపు సమంగా సాగుతుంది. ఆ వంపు దాటి, తేమ 3 నుంచి 5 శాతం మధ్య ఉన్న చోట ఆపాలి. కార్ల్ ఫిషర్ పరికరం ఉంటే తేమను దానితో ఖాయం చేసుకోండి. ఇంకా ఆరనిస్తే ఫిల్మ్ తీయబోయినప్పుడు గాజులా పగులుతుంది. నా మొదటి బ్యాచ్ అంతా అలాగే ముక్కలైంది. రాత్రి ఓవెన్‌లో వదిలేసి మరునాడు మధ్యాహ్నం తీశాను. బ్లేడు తగలగానే పళ్లెం నిండా సాలెగూడులా చీలికలు వచ్చాయి.

అతిగా ఆరిందనిపిస్తే పళ్లేన్ని గదిగాలిలో పది నిమిషాలు ఉంచండి. ఫిల్మ్ కాస్త తేమ పీల్చుకుని లొంగుతుంది. అప్పుడు అంచున సన్నటి బ్లేడు దూర్చి, ఒక మూల లేపి, అడుగుకు దగ్గరగా పడుకోబెట్టినట్టు వెనక్కి లాగండి. నిలువుగా పైకి లాగితే సాగి, మందం మారుతుంది.

ఆరో అడుగు: కోయడం

కోసే ముందు పళ్లేన్ని పక్క నుంచి చూడండి. అంచు దగ్గర ఫిల్మ్ ఉబ్బెత్తుగా ఉంటుంది, ద్రవం గోడల వైపు ఎగబాకి ఆరడం వల్ల. ఆ అర సెంటీమీటరు వదిలేయాల్సిందే. లెక్కలో 15.9 ఫిల్మ్‌లు అనుకున్నాం, గుండ్రటి పళ్లెంలో పట్టే చదరాలు పన్నెండే, అంచు వదిలేశాక చేతికి వచ్చేవి ఏడు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది: అంచున ఎక్కువ చేరింది కాబట్టి మధ్యలో తక్కువ ఉంటుంది. అందుకే మధ్య ఫిల్మ్‌లలో మందు 92, 93 శాతం వస్తే తూకం తప్పిందని వెంటనే అనుకోకండి. ఒక పళ్లేన్ని బలిచ్చి మధ్య ముక్కలనూ అంచు ముక్కలనూ విడిగా పరీక్షిస్తే అసలు కారణం దొరుకుతుంది.

ఏడో అడుగు: పరీక్షలు

మందాన్ని స్క్రూగేజితో నాలుగు మూలలా, మధ్యలో, మొత్తం ఐదు చోట్ల కొలవండి. ఇరవై ఫిల్మ్‌లను విడివిడిగా తూచండి. ఒకే చోట మడుస్తూ విరిగేదాకా లెక్కపెట్టే మడత పరీక్షలో 300 దాటితే చాలంటారు. అది చేసేవారి చేతిని బట్టి మారే పరీక్ష, వీలుంటే తన్యతా బలాన్ని (లాగితే తెగకుండా ఎంత తట్టుకుంటుందో) యంత్రంతో కొలవడం మంచిది. ఉపరితల పీహెచ్ కోసం ఫిల్మ్‌ను అర మి.లీ. నీటితో తడిపి ఎలక్ట్రోడ్ ఆనించి చూడండి.

కరిగే సమయం దగ్గర ఆగాలి. చాలామంది పెట్రి పళ్లెంలో 10 మి.లీ. నీరు పోసి, ఫిల్మ్ వేసి, 15 సెకన్లలో విడిపోయిందని రాస్తారు. నోట్లో ఒకేసారి 10 మి.లీ. లాలాజలం ఎక్కడుంది? విశ్రాంతిగా ఉన్న మనిషికి నిమిషానికి ఊరేది అర మి.లీ. కూడా ఉండదు. కీమో రోగి నోరు ఇంకా పొడిగా ఉంటుంది. అందుకని ఫిల్మ్‌ను చిన్న చట్రంలో బిగించి, 37 డిగ్రీల వేడిలో 0.2 మి.లీ. నీటి చుక్క మధ్యలో వేసి, రంధ్రం పడేదాకా కొలిచే పద్ధతి కూడా చేయండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. అందరూ 30 సెకన్ల లోపు అన్న లక్ష్యం పెట్టుకుంటారు, కానీ ఏ పద్ధతిలో వచ్చిన 30 సెకన్లో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

మందు పరిమాణానికి ఒక ఫిల్మ్‌ను 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 310 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణను కొలవండి. మందు లేని ఫిల్మ్‌నూ అలాగే కరిగించి బ్లాంక్‌గా (పోల్చి తీసేయాల్సిన కొలతగా) వాడాలి. పది ఫిల్మ్‌లు విడివిడిగా చేసి ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) సూత్రంతో అంగీకార విలువ, అంటే ఫిల్మ్‌ల మధ్య మోతాదు ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె, లెక్కిస్తే అది 15 దాటకూడదు. మందు ద్రవంలోకి ఎంత వేగంగా విడుదలవుతుందో చూసే డిసొల్యూషన్ పరీక్షలో ఫిల్మ్ తేలిపోయి తెడ్డుకు చుట్టుకోవడం అందరికీ ఎదురయ్యే తలనొప్పి. బాస్కెట్ గానీ, ఫిల్మ్‌ను అడుగున నొక్కి ఉంచే జాలీ గానీ వాడండి. నమూనాలు 2, 5, 10 నిమిషాలకే తీయాలి. మొదటి నమూనా అరగంటకు తీస్తే చెప్పుకోవడానికేమీ మిగలదు.

చేదు సంగతి. సుక్రలోజ్, పుదీనా కొంతవరకే కప్పుతాయి. చాలకపోతే మందును పొలాక్రిలిన్ పొటాషియం వంటి అయాన్ మార్పిడి రెసిన్‌కు బంధించవచ్చు. లాలాజలంలో మందు చాలావరకు రెసిన్‌నే అంటిపెట్టుకుని, కడుపులోని ఆమ్లంలో విడుదలవుతుంది. అయితే రెసిన్ కరగని గింజలు కాబట్టి పోసిన ద్రావణంలో అడుక్కు దిగుతాయి, అప్పుడు మందు సమానంగా పంచడం మళ్లీ మొదటికొస్తుంది. రుచి పరీక్షకు మనుషులు కావాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. లేకపోతే ఎలక్ట్రానిక్ నాలుక (సెన్సర్లతో రుచిని కొలిచే పరికరం) ఉన్న ప్రయోగశాలకు నమూనాలు పంపండి.

ఎనిమిదో అడుగు: మెరుగుపరచడం

ఒక ఫిల్మ్ బాగా వచ్చిందంటే అది అదృష్టం కావచ్చు. పాలిమర్ మూడు స్థాయిల్లో, గ్లిజరాల్ మూడు స్థాయిల్లో తీసుకుంటే తొమ్మిది బ్యాచ్‌లు. ప్రతిదానికీ కరిగే సమయం, తన్యతా బలం, తేమ కొలవండి. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. తేమను నమోదు చేయకపోతే, ఎండ కాసిన రోజు చేసిన బ్యాచ్‌కూ ముసురు పట్టిన రోజు చేసిన బ్యాచ్‌కూ మధ్య తేడాను గ్లిజరాల్ ప్రభావంగా పొరబడతారు. గదిలో ఉష్ణోగ్రత, తేమ చూపే చిన్న మీటరు పెట్టుకుని, ప్రతి బ్యాచ్ పేజీ మీద ఆ అంకెలు రాయండి.

తొమ్మిదో అడుగు: సాచెట్, నిలవ, ఆ తరువాత

కోసిన ఫిల్మ్‌ను బల్ల మీద వదిలితే తేమ లెక్క అంతా వృథా. తేమ తక్కువగా ఉన్న గదిలో వెంటనే ఒక్కోదాన్ని అల్యూమినియం ఫాయిల్ సాచెట్‌లో మూసేయాలి. కాంతి నుంచి కూడా ఒండాన్సెట్రాన్‌కు అదే రక్షణ. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి, నిర్ణీత సమయాల్లో తెరిచి పరీక్షించండి. మందు శాతంతో ఆగకండి. తేటగా ఉండాల్సిన ఫిల్మ్ మసకబారితే మందు లోపల మళ్లీ స్ఫటికాలు కడుతోందేమో చూడాలి. పోలరైజ్డ్ సూక్ష్మదర్శిని కింద అవి మెరుస్తూ తెలిసిపోతాయి. స్ఫటికం కడితే నాలుక మీద గరుకు తగులుతుంది, కరగడం నెమ్మదిస్తుంది.

పెద్ద ఎత్తున చేసేటప్పుడు పళ్లెం ఉండదు. కదిలే లైనర్ మీద ద్రావణాన్ని కత్తి అంచుతో పరిచి, వేడిగాలి సొరంగం గుండా నడిపిస్తారు. దానికి ద్రావణం ఇంకా చిక్కగా ఉండాలి, కాబట్టి పళ్లెంలో నెగ్గిన సూత్రం అక్కడ అలాగే నెగ్గుతుందనుకోవద్దు. ఇక అనుమతి సంగతి. మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పాత మందును కొత్త రూపంలో తెచ్చినా అది కొత్త మందు కిందకే రావచ్చు. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి లేనిదే మనుషుల మీద ప్రయోగం లేదు.

సాచెట్ గురించి చివరిగా ఒక మాట. కొన్ని సాచెట్లు కత్తెర లేనిదే తెరుచుకోవు. మీ నమూనాను పొడిచేత్తో ఒకసారి, కాస్త తడిసిన చేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి చింపి చూడండి. చింపడానికి అంచున గాటు ఎటువైపు ఉందో వేలికి తెలియాలి, చింపినప్పుడు లోపలి ఫిల్మ్ చిరగకూడదు. వాంతి వస్తుందేమోనని ఒక చేత్తో గిన్నె పట్టుకుని కూర్చున్న మనిషికి మిగిలేది ఇంకో చెయ్యి ఒక్కటే.